గీత కొట్టని రెండు వరుసలు

ఏటా కాలవకి నీళ్లు వదిలిన రోజు మా అన్నయ్య ఫోన్ చేస్తాడు. తూము పక్కనే నిలబడి చేస్తాడు కాబట్టి మాట కంటే ముందు నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. "నీళ్లొచ్చినయ్ చెల్లాయ్. నీ చేలోంచే దిగుతున్నయ్," అంటాడు. "సరే అన్నయ్యా," అంటాను. ఈ ఏడూ అంతే జరిగింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది పొలం కాదు, మస్తాన్ గారు.

ఆయన విజయవాడ వన్ టౌన్‌లో దస్తావేజులు రాసేవారు. కింద ఉల్లిపాయల గోడౌన్, పైన ఆయన గది. ఆరేళ్లు ఆ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన చేత్తో రాసిన చిత్తుల్ని సాపు చేశాను. మనిషి మెత్తన, పని మాత్రం మహా కచ్చితం. కాగితం మీద ఎక్కడైనా ఖాళీ మిగిలితే స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టేసేవారు. "ఖాళీ కనపడితే ఎవరో ఒకరికి చెయ్యి దురద పుడుతుందమ్మా," అనేవారు. చిత్తుకైనా సరే, గీత పడాల్సిందే. ఇంటికి తెచ్చే సరుకుల చీటీ అడుగున కూడా గీత కొడతారని వాళ్లావిడ చెప్పి నవ్వేది.

పంపకాల దస్తావేజులకి ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరి వాటా వాళ్లని చెప్పనిచ్చేవారు కాదు. ఒకరిని బయట బల్ల మీద కూర్చోబెట్టి, రెండో మనిషి చేత ఆ బయట కూర్చున్నవాళ్ల వాటా చెప్పించేవారు. తర్వాత వీళ్లు బయటికి, వాళ్లు లోపలికి. ఒకసారి అన్నదమ్ములిద్దరు కింద కొట్టు, పైన ఇల్లు పంచుకోవడానికి వచ్చారు. కింది వాటా తీసుకున్న పెద్దాయన తమ్ముడి పైవాటాని కిటికీలతో సహా చెప్పి ఊరుకున్నాడు. మస్తాన్ గారు రాసింది పూర్తిగా చదివి, "మరి మీ తమ్ముడు పైకి ఎగిరి వెళ్తారాండీ?" అని అడిగారు. మెట్లు కింది వాటాలో ఉన్నాయి. వాళ్లు వెళ్లిపోయాక ఆయన నాతో, "తన వాటా చెప్పేటప్పుడు మనిషి గజం కూడా మరిచిపోడు. మరిచిపోయేదంతా అవతలివాళ్ల వాటాలోనే," అన్నారు. నేను ఆ సంగతి చాలామందికి చెప్పి నవ్వించాను.

తర్వాత మా వంతు వచ్చింది. ఉయ్యూరు అవతల మా నాన్న వదిలిన ఎకరం డెబ్బై సెంట్లు అన్నయ్యే సాగు చేసేవాడు. నా సగం నాకు రాసివ్వమంటే రెండేళ్లు రేపూమాపూ అని మనుషుల చేత కబురు పంపాడు. చివరికి ఒప్పుకున్నాడు గానీ రోడ్డు వైపు ముక్క తనకే కావాలన్నాడు. రోడ్డు వైపుకి ధర ఎక్కువ. నాకు కాలవ వైపుది మిగిలింది. ఆ రెండేళ్లూ మా మధ్య నేరుగా మాటల్లేవు. కోర్టుకెళ్తానని మస్తాన్ గారితో అంటే, "వెళ్దువుగాని. ముందు ఒక్కరోజు ఇద్దరూ ఇక్కడికి రండి," అన్నారు.

అన్నయ్య బయట కూర్చున్నాడు. వాడి వాటా నేను చెప్పాలి. నాలుగు హద్దులూ చెప్పాను, సర్వే నంబరు చెప్పాను, గట్టు మీద ఉన్న రెండు కొబ్బరిచెట్లూ చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. కాలవ నుంచి వాడి ముక్కకి నీళ్లు తీసుకెళ్లే బోదె నా చేలోంచే పోవాలి. ఆ హక్కు రాయకపోతే నేనుగానీ, నా దగ్గర కొన్నవాళ్లుగానీ ఏ రోజైనా దాన్ని పూడ్చేయొచ్చు. నీళ్లు లేని ముక్క రోడ్డు పక్కనున్నా వాడేం పండిస్తాడు? నేను మరిచిపోలేదు. మెట్ల కథ చెప్పి నవ్వించినదాన్ని, ఎలా మరిచిపోతాను? రోడ్డు వైపు కావాలన్నాడుగా, అనుభవించనీ అనుకున్నాను.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతేనండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. నన్ను బయటికి పంపి అన్నయ్యని పిలిచారు. అరగంట తర్వాత రెండు చిత్తులూ నా చేతికిచ్చి, "సాపు చెయ్యమ్మా," అని, అన్నయ్యని టీకి తీసుకెళ్లారు.

ముందు అన్నయ్య చెప్పింది టైపు చేశాను. నా వాటా హద్దుల తర్వాత ఆయన అక్షరాల్లో ఇలా ఉంది: రోడ్డు నుంచి చెల్లెలి చేలోకి ట్రాక్టరు పట్టే దారి నా భూమిలోంచి ఎల్లకాలం ఉంటుంది. దారి సంగతి నాకు అసలు తట్టలేదు. సిగ్గేసింది. రెండేళ్లుగా వాడి మీద నేను అన్న మాటలన్నీ ఆ గదిలోనే నా ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. తర్వాత నేను చెప్పిన కాగితం తీశాను. కొబ్బరిచెట్ల తర్వాత, సంతకాల చోటుకి ముందు, రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. గీత లేదు. ఆరేళ్లలో ఆయన చేతి కింద అలాంటి కాగితం నేను చూడలేదు.

ఆ రెండు వరుసల్లో బోదె హక్కు నేనే టైపు చేశాను.

వాళ్లు తిరిగొచ్చాక మస్తాన్ గారు మొత్తం పైకి చదివారు. బోదె మాట దగ్గర గొంతు ఆగలేదు, నా వైపు చూడలేదు. అన్నయ్య చూశాడు. "బోదె సంగతి కూడా చెప్పావా? నాకా ధ్యాసే లేదు చెల్లాయ్," అన్నాడు. రెండేళ్ల తర్వాత వాడు నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. నేను తలూపాను.

వాడు వెళ్లాక, "ఆ రెండు వరుసలూ ఎందుకు వదిలారండీ?" అని అడిగాను.

"నేను రాసేవాణ్నేనమ్మా. చెప్పనిది ఎలా రాస్తాను?" అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ గదిలో నేను రాస్తున్నాను. పంపకాలకి వచ్చినవాళ్లని ఆయనలాగే ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తాను. ఏదైనా మిగిలిపోయిందని తెలిస్తే అడుగున రెండు వరుసలు వదిలి, కాగితం వాళ్ల చేతికే ఇచ్చి మరోసారి చూసుకోమంటాను. కొందరు పెన్ను అడుగుతారు. ఎక్కువమంది బాగానే ఉందని తిరిగిచ్చేస్తారు. అప్పుడు ఆయన మెట్ల సంగతి అడిగినట్టు నేనే అడగాల్సి వస్తుంది.

బోదె మాట ముందు కావాలనే వదిలేశానని అన్నయ్యకి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఏటా చెబుదామనే ఫోన్ ఎత్తుతాను. వాడు నీళ్ల చప్పుడు వినిపించడానికి ఫోన్ కిందికి వంచుతాడు. "నీ పుణ్యమే," అంటాడు.