నీళ్ల మీద పలకని వైర్‌లెస్

1998 వానాకాలం. నాందేడ్ స్టేషన్ రోడ్డు పక్క సందులో నాకు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండేది. మాది భోకర్ వైపు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గిరాకీలతో మరాఠీ, బేరమాడేవాళ్లతో దక్కనీ. ఏ భాషలో మాట్లాడినా చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం ఆగేది కాదు.

ఊరికి కొంత దూరంలో గోదావరి మీద ఒక డ్యామ్ ఉంది. దాని వెనక నీళ్లలో గంగపుత్రులు చేపలు పట్టేవారు. తెలంగాణ వైపు నుంచి వచ్చి గట్టు కింద ఇళ్లు వేసుకున్న తెలుగువాళ్లు. అంతకు ముందటి ఏడు గేట్లెత్తినప్పుడు ఒక పడవ కొట్టుకుపోయింది. మనుషులు చావు తప్పి బయటపడ్డారు. దాంతో కొత్త నిబంధన వచ్చింది. ప్రతి పడవలో చేతి వైర్‌లెస్ సెట్ ఉండాలి, గట్టు మీది గది నుంచి పిలిచినప్పుడల్లా ఎక్కడున్నారో చెప్పాలి, చెప్పని పడవకు పర్మిట్ రద్దు. సెట్లు బిగించి, వాడటం నేర్పే పని నాకు దక్కింది. ఆ వారమంతా నేను కొంచెం ఛాతీ విరుచుకునే తిరిగాను.

గట్టు మీద పాఠం బ్రహ్మాండంగా సాగింది. బటన్ నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి, అంతే. అందరికంటే హుషారు నర్సయ్య. సెట్టు చేతికి రాగానే, "నాందేడ్‌ల ఉల్లిగడ్డ ఏం ధర నడుస్తుంది సారూ?" అని పది అడుగుల దూరం నుంచి వైర్‌లెస్‌లో అడిగాడు.

నీళ్ల మీదికి వెళ్లాక ఒక్కరూ పలకలేదు.

గదిలో కూర్చుని పిలిచే ఆపరేటర్ పాటిల్. గొంతు గంట కొట్టినట్టుండేది. అతనికిచ్చిన ఆర్డరులో పడవవాళ్ల పూర్తి పేర్లు ఉన్నాయి కాబట్టి పూర్తి పేర్లతోనే పిలిచేవాడు. జవాబు రాకపోతే నాకు ఫోను. "మశీన్ బిఘడ్లీ!" యంత్రం చెడిపోయిందట. నేను వెళ్లి బ్యాటరీలు చూశాను, యాంటెన్నాలు మార్చాను. ఒడ్డున అన్నీ చిలకల్లా పలికేవి. "నీళ్లల్ల ఏమైతుంది?" అని అడిగితే అందరూ నేల చూపులు చూసేవారు. "ఏమో సారూ, గా మిషిన్‌కే తెల్వాలె." నా పని మీదికి మాట వస్తుంటే ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం నేను ఆ గదిలో ఉండగానే పైనుంచి వరద వస్తోందని కబురొచ్చింది. గేట్లెత్తాలి. వాన ముదరడంతో పడవలన్నీ ముందే ఒడ్డు చేరాయి, నర్సయ్యది తప్ప. గేట్ల వైపు లాగే ప్రవాహంలో పడితే మనిషి దక్కడు. పాటిల్ గొంతు చించుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు, గేట్ల సంగతి చెబుతున్నాడు. జవాబు లేదు.

స్క్వెల్చ్ అని ఒక నాబ్ ఉంటుంది. మాట రానప్పుడు వచ్చే హోరును అది నొక్కేస్తుంది. హోరు తలనొప్పి కాబట్టి పాటిల్ దాన్ని ఎప్పుడూ బిగించే ఉంచేవాడు. సన్నటి మాటేదైనా అందుతుందేమోనని నేను దాన్ని పూర్తిగా వదిలాను. గదంతా హోరు. పాటిల్ మళ్లీ పిలిచి బటన్ వదిలాడు. హోరు ఠక్కున ఆగి, మళ్లీ మొదలైంది. ఇంకోసారి పిలిస్తే ఇంకోసారి ఆగింది. అవతల బటన్ నొక్కితే మాట రాకున్నా హోరు ఆగుతుంది. అంటే ఎవరో నొక్కుతున్నారు! సెట్టు బాగానే ఉంది. మనిషీ ఉన్నాడు, వింటున్నాడు. నోరు మాత్రం విప్పడం లేదు.

అప్పుడే నర్సయ్య భార్య పోశవ్వ వానలో తడుస్తూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమని పిలుస్తున్రు సారూ?"

"పేరు పెట్టే పిలుస్తున్నం. ఇంకెట్ల పిలుస్తం?"

ఆమె నెత్తి కొట్టుకుంది. "నీళ్ల మీద పేరు పెట్టి పిలుస్తే పల్కుతరా ఎవరన్న? గంగ గట్లనే పిలుస్తదంట. ఆ గొంతు ఏం చెప్పినా ఇనొద్దంటరు."

వాళ్లకు గోదావరే గంగ. నేను మైకు ఆమె నోటి దగ్గర పెట్టి బటన్ నొక్కాను. మొగుడి పేరు ఆమె పెళ్లయిన నాటి నుంచీ పలికింది లేదు. ఆ రోజూ పలకలేదు, కూతురి పేరుతోనే పిలిచింది.

"ఓ రేణుక నాయినా! గేట్లెత్తుతున్రంట. జల్ది రా!"

హోరు ఆగింది. ఈసారి గొంతు వచ్చింది. "ఇంటున్న. వల తీస్కొని అస్త."

"వల గంగల కలవనియ్! నువ్వు రా!"

అతను ఒడ్డుకు చేరాక గేట్లు లేచాయి. వల నిజంగానే గంగలో కలిసింది. పోశవ్వ అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వింటుంటే మాత్రం నాకు ప్రాణం లేచి వచ్చింది.

"మాట్లాడనోనివి బటన్ ఎందుకు నొక్కినవయ్యా?" అని అడిగాను.

"పిలిచింది సాహెబో, గంగనో. ఎవలకూ కోపం రావద్దని నొక్కిన" అన్నాడు.

మర్నాడే పాటిల్‌ని కూర్చోబెట్టి కాల్ సైన్ అంటే ఏమిటో చెప్పాను. వైర్‌లెస్‌లో మనిషికి పెట్టుకునే పిలుపు పేరు. అది అసలు పేరు కానక్కర్లేదు. అట్లా ప్రతి పడవకూ ఇంట్లో పిల్ల పేరు వచ్చింది. పడవవాళ్లలో సాయిలుకు మాత్రం పిల్లలు లేరు. అతని వంతు వచ్చేసరికి పాటిల్ పెన్ను పక్కన పెట్టాడు. పోశవ్వే అంది: "ఆయనను రేణుక పెద్దనాయిన అనుర్రి. ఎత్తుకొని తిప్పింది ఆయననే గద." సాయిలు తల వంచుకుని సెట్టు యాంటెన్నా తుడుస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత సాయంత్రాలు పాటిల్ ఆ గంట గొంతుతో "రేణుకాచే బాబా, బోలా!" అని మరాఠీలో రేణుక నాయినను పిలుస్తుంటే వినడానికని, పని లేకున్నా నేను గట్టుకు వెళ్లేవాణ్ని. అంత ఇంపైన చప్పుడు నా దుకాణంలో ఏ రేడియోలోనూ రాలేదు.

తర్వాత మొబైళ్లొచ్చాయి, సెట్లు మూలకు పడ్డాయి. నేనూ మొబైళ్ల రిపేరుకు మారాను. కానీ పలకని యంత్రం వస్తే ఇప్పటికీ మూత విప్పను. ముందు దాన్ని వాడే మనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఆ వానాకాలం నాకు నేర్పిన పని అది.

ఇది రాసే ముందు భోకర్ వెళ్లాను. నర్సయ్య పడవ మానేసి కూతురింట్లో ఉంటున్నాడు. పోశవ్వ పోయి రెండేళ్లయింది. పేరు రాయొచ్చా అని అడిగితే, "గిప్పుడు ఒడ్డు మీదనే ఉన్న గద సారూ, రాస్కో" అని నవ్వాడు. రేణుక చాయ్ ఇచ్చింది. లేచి చెప్పులేసుకుంటూ, అలవాటు కొద్దీ అన్నాను:

"పోయొస్త, రేణుక నాయినా."

ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు కాకుండా వాకిలి వైపు చూశాడు. అక్కడున్న ఎవరికో చెప్పినట్టు, "ఇంటున్న" అన్నాడు.