దండెం ఎత్తు

ఉతికిన దుప్పట్ల సబ్బు వాసన పెరడంతా నిండి ఉంది. ఈ ఉదయం నా భార్య విమల తన భుజం కొంచెం పట్టేసినట్టుందని అనగానే, ఇంకో మాట అడగకుండా వెళ్లి దండెం తాడు జానెడు కిందికి దించి కట్టాను. బకెట్‌తో వచ్చిన విమల దాన్ని చూసి, బట్టలు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాలుగేళ్ల కిందట చేసిన తప్పునే మళ్లీ చేశానని అప్పుడు తెలిసింది. వెంటనే సువార్తమ్మ గారు గుర్తొచ్చారు.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక విమలను ఏ పనీ ముట్టనివ్వలేదు. వంట, ఉతకడం, చివరికి ఆమె జడ వేయడం కూడా నేనే. మంచి భర్తనని లోలోపల మురిసిపోయాను. ఈలోగా ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. డాక్టరు మమ్మల్ని కోవూరులో ఫిజియోథెరపిస్టు సువార్తమ్మ గారి దగ్గరికి పంపారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

“జడ ఎవరేసినారమ్మా?” అని అడిగారు.

“ఈయనే,” అంది విమల.

“అందుకే వంకరగా ఉండాది,” అని నవ్వి నావైపు తిరిగారు. “అన్నా, ప్రేమ బాగానే ఉండాది. కానీ ఆ చేతికి పనే లేకుండా చేసినారే! ఇట్లనే వదిలేస్తే బిగుసుకుపోతాది.”

గోడ మీద వేళ్లను పైపైకి పాకించడం నేర్పారు. ఎంతవరకు అందితే అక్కడ పెన్సిల్ గీత. విమల మొహం ముడుచుకోగానే నేను “చాలు మేడమ్” అన్నాను.

“నొప్పి ఆమెకా, మీకా? లాగినట్టుంటే పర్వాలేదు, పొడిచినట్టుంటే ఆపాల. ఏదనేది ఆమెనే అడగండి. మీరే తేల్చేయబాకండి.”

ఆ మాట నేను పాటించలేదు. ఇంట్లో విమల కళ్లలో నీళ్లు చూడలేక కసరత్తు ఆపించి, గోడ మీద గీతలు మాత్రం వారం వారం పైకి గీసేవాణ్ణి. ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగి వెళ్తూ సువార్తమ్మ గారు మా ఇంటికి వచ్చారు. విమల చెయ్యి గోడకు ఆనించి చూశారు. నా గీతకు జానెడు కిందే ఆగిపోయింది. నేను తలెత్తలేకపోయాను. ఆవిడ తిట్టలేదు. కిటికీలోంచి పెరట్లోకి చూశారు. ఎప్పుడైనా బట్టలు తీయబోయినా విమలకు చెయ్యెత్తే అవసరం రాకూడదని నేను దించి కట్టిన దండెం నడుమెత్తులో వేలాడుతోంది.

“అది ఎవరికి కట్టినారన్నా, కోళ్లకా?”

విమల పకపకా నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

“వారానికి రెండు వేళ్లు పైకి కట్టండి. విమలమ్మే ఆరేస్తాది. మీరు బకెట్ మోయండి, చాలు.” గేటు దగ్గర గొంతు తగ్గించారు. “మా అమ్మకూ ఇదే జబ్బు. చిన్నప్పుడు నేనూ మీ మాదిరే అన్ని పనులూ చేసిపెట్టినా. ఆమె చెయ్యి మళ్లీ లేవలా. అందుకే ఈ చదువు చదివినా.”

ఏడు నెలలకు దండెం పాత ఎత్తుకు చేరింది. విమల తన జడ తానే వేసుకుంది. కిందటేడు సువార్తమ్మ గారు పోయారు. ఇక నన్ను మందలించేవాళ్లు లేరు.

లోపలికి వెళ్లి అడిగాను. “లాగుతోందా, పొడుస్తోందా?”

విమల భుజం ఒకసారి తిప్పి చూసుకుంది. “లాగతా ఉండాది. రెండు రోజులుగా గోడ దగ్గరికి పోలా కదా. పొడిస్తే నేనే చెప్తాను.”

ఆమెను పెరట్లోకి తీసుకొచ్చి, తాడు విప్పి పట్టుకుని, ఎక్కడ కట్టమంటావని అడిగాను. మెల్లగా కుడిచెయ్యి పైకెత్తింది. ఆ వేళ్లు ఆగినచోట ముడి వేసి, బకెట్ తెచ్చి ఆమె పక్కన పెట్టాను.