పని బట్టల దుకాణం

నేను కోడలిగా చంద్రపూర్ వచ్చేనాటికి మా అత్తమ్మ దర్జీ దుకాణంలో నాలుగు మిషన్లు ఆడుతుండేవి. మామయ్య పోయాక ఆమె ఒక్కతే దాన్ని నిలబెట్టింది. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, గని కార్మికుల చొక్కాలు, పెళ్లి సూట్లు, ఎవరేం తెచ్చినా కుట్టేవాళ్లం. సూట్లంటే మా ఆయనకు ప్రాణం. కోటు కత్తిరించేటప్పుడు పిలిచినా పలికేవాడు కాదు.

సర్కారు ఆర్థిక విధానాలు మారిన తొంభైల మొదట్లో, రెండు మూడేళ్లలోనే మెయిన్ రోడ్డు మీద రెడీమేడ్ షోరూములు వరసగా వెలిశాయి. మా గిరాకీ పలచబడింది. మనమూ అద్దాల షోరూము పెడదామన్నాడు మా ఆయన. బీకాం చదివిన నేనూ ఆయన వైపే మాట్లాడాను. అత్తమ్మ అంతా విని, కత్తెర కింద పెట్టింది.

"ఆళ్లు అందరికి అమ్ముతరు. మనం ఎవలకు కుడుతున్నం? ముందుగాల గది చెప్పుండ్రి."



మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వారం పాటు విసాపూర్, ఆవర్‌పూర్ ఫ్యాక్టరీలు, బొగ్గు గనుల గేట్లు తిరిగాం. షిఫ్టు దిగి వచ్చేవాళ్లను ఆపి, చొక్కా ఎక్కడ చిరుగుతోందని అడిగేది. తెలుగువాళ్లతో తెలుగులో, మిగతావాళ్లతో తన వంకర మరాఠీలో. సిగ్గుపడేవాళ్లకు నీ తల్లిలాంటిదాన్నని నచ్చజెప్పి, చేయెత్తించి చంక కింద కుట్టు చూసేది. టోపీ దీపం కోసం నడుముకు కట్టుకునే బ్యాటరీ ఒరుసుకుని గనివాళ్లందరికీ ఒకే చోట గుడ్డ అరుగుతోందని ఆమె వేలు పెట్టి చూపించేదాకా నాకు కనపడలేదు.

ఆదివారం మమ్మల్ని కూర్చోబెట్టి తన నిర్ణయం చెప్పింది. ఇకనుంచి పని బట్టలే. చంక కింద అదనపు ముక్క, నడుము దగ్గర రెండు పొరలు. మిగతావన్నీ బంద్. అదంతా ఆయన చూసి కత్తిరించేందుకు నేను మరాఠీలో రాశాను. ఇక్కడి మరాఠీ బడిలో చదివిన మా ఆయనకు తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు.

"సూట్లు గూడనా అమ్మా?" అన్నాడు ఆయన.

"గవి గూడ. నాలుగు మిషన్లే ఉన్నయ్ బిడ్డా. అన్ని కుడితె ఏదీ మంచిగ రాదు. సూట్లంటె నీకు పాణమని నాకు తెల్వదా?"

నెల రోజులు ఆయన ఖాకీ గుడ్డను మొక్కుబడిగా కత్తిరించాడు. అత్తమ్మ రోజూ ఆయనకిష్టమైన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం చేసి పెట్టేది. చివరికి ఒకరోజు ఆయనే గని గేటు దగ్గరికి వెళ్లి, మనుషులు పనిలో ఎలా వంగుతారో, ఎలా లేస్తారో చూసి వచ్చాడు. కోటు కోతలో తనకు తెలిసిన మెలకువలన్నీ ఆ ఖాకీ చొక్కాలో పెట్టాడు. అది తొడుక్కున్నవాళ్లు తోటివాళ్లను తీసుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి మిషన్లు చాల్లేదు.

ఆవర్‌పూర్ నుంచి మొదటి పెద్ద ఆర్డరు కోసం కబురొచ్చిన రోజు, తల్లిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆయనే బయల్దేరాడు. ఆమె రెండు చేతులతో కొడుకు చొక్కా గట్టిగా పట్టుకుని, వీధి మలుపు తిరిగేదాకా నాకేవో పనులు పురమాయిస్తూనే ఉంది.