బోనులో చెప్పిన నిజం

తొంభైల మొదట్లో నేను మిర్యాలగూడలో టీచరుగా పనిచేసేదాన్ని. ఓ మధ్యాహ్నం అన్న కారు నడుపుతుంటే కోదాడ వెళ్తున్నాం. హైవే కూడలిలో అన్న ఆగకుండానే రోడ్డెక్కాడు. సూర్యాపేట వైపు నుంచి వస్తున్న లారీ నేను కూర్చున్న వైపు గుద్దింది. నా కాలు నుజ్జయింది. నన్ను బయటికి లాగి దవాఖానకు చేర్చింది ఆ లారీ డ్రైవరే. "ఏం కాదక్కా, కండ్లు మూయకు" అంటూనే ఉన్నాడు.

నష్టపరిహారం కేసు సూర్యాపేటలో నడిచింది. లారీ అడ్డగోలు వేగంతో వచ్చిందని చెప్పమన్నాడు మా వకీలు.

"గట్ల చెప్తెనే ఇన్సూరెన్సు వస్తది చెల్లె" అన్నాడు అన్న.

బోనెక్కాను. ఎదుట ఆ డ్రైవరు తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"లారీ తప్పు లేదు సార్. మేమే ఆగకుండ రోడ్డెక్కినం."

కేసు పోయింది. తిరుగు బస్సులో అన్న వేరే సీట్లో కూర్చున్నాడు. మిర్యాలగూడలో కర్ర ఊతంతో దిగుతుంటే చెయ్యి అందించాడు.

"గా మాట నేను చెప్పాల్సింది చెల్లె" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పటికీ కుంటుతూనే నడుస్తున్నాను. ఆ రోజు అలా చెప్పినందుకు మాత్రం ఎన్నడూ బాధపడలేదు.