రాజుగారు ముందు తిన్న కథ

తొమ్మిదో తరగతిలో మా చేత ఒక ఇంగ్లీషు నవల చదివించారు. పిల్లలు తరతరాలుగా ఇష్టపడి చదువుతున్న పుస్తకమని టీచరుగారు చెప్పారు. అద్దెగదిలో ఉండే ఒక పిల్లవాడు పాడుబడ్డ బురుజు మెట్లు దిగి ఇంకో లోకంలోకి వెళతాడు. అక్కడ మాట్లాడే కొంగ ఒకటి వాడిని చూసి, తప్పిపోయిన రాజుగారి మనవడివి నువ్వేనంటుంది. అందరూ మోకరిల్లుతారు. కిరీటం పెడతారు. విందు చేస్తారు.

నాకు నచ్చలేదు.

ఇంకెవరికైనా నచ్చకపోతే గొడవే ఉండేది కాదు. నాకు మాత్రం అది అందరికంటే ఎక్కువ నచ్చి తీరాలని క్లాసంతా ముందే తీర్మానించింది. ఒకప్పుడు నాగావళి అవతల ఊళ్లకు ఊళ్లు మావి. దాయాదుల కోర్టు వ్యవహారాల్లో అన్నీ పోయి, నేను పుట్టేసరికి అరసవల్లిలో రెండు అద్దెగదులు, యాత్రికులు దిగే లాడ్జిలో కౌంటరు దగ్గర నాన్నగారి ఉద్యోగం మిగిలాయి. ఇంటిపేరును మాత్రం ఎవరూ జప్తు చేయలేదు. నేను దాన్ని మోసే తీరు చూసి తోటిపిల్లలకు వేడుక.

"ఏటే దొరసానీ, ఇవాళ పల్లకీ రానేదా? ఆటోలో దిగిపోనావు!" అనేది పక్క బెంచీ పిల్ల.

"మోసీవోలకి సెలవిచ్చినాను. నువ్వొస్తావేటి, ఓ సోటు కాళీగున్నాది," అనేదాన్ని.

పుస్తకం వచ్చాక, "కొంగ మీ ఇంటికొచ్చినాదేటే?" అని కొత్త పాట మొదలైంది.

టీచరుగారిది విజయవాడ వైపు. మంచి మనిషే. "ఇది నీ కథేనమ్మా, నువ్వయితే బాగా రాస్తావు," అన్నారు. ఈ పుస్తకం నాకెందుకు నచ్చింది అని ఇంగ్లీషులో వ్యాసం రాయాలి. బాగున్నదాన్ని పేరెంట్స్ మీటింగులో చదివిస్తారు.

ఎందుకు నచ్చలేదో రాశాను.

మా మామ్మ బతికుండగా ఒక సంగతి మళ్లీ మళ్లీ చెప్పేది. నూర్పులై ధాన్యం ఇంటికి చేరిన రోజున మా ముత్తాతగారి వాకిట్లో పనివాళ్లందరికీ భోజనాలు. ఆయన కండువా నడుముకు బిగించి విస్తళ్ల మధ్య నిలబడేవారు. ఆఖరి మనిషి చేయి కడుక్కునేదాకా మెతుకు ముట్టేవారు కాదు. ఒక ఏడు కూరలూ పులుసూ అయిపోతే మజ్జిగ పోసుకుని తిని లేచారట. ఈ పుస్తకంలో పిల్లవాడు కిరీటం పెట్టిన మరుక్షణం అందరికంటే ముందు కూర్చుని తిన్నాడు. మోకరిల్లినవాళ్లు తిన్నారో లేదో ఎక్కడా ఒక్క ముక్క లేదు. రాజంటే ఎలా ఉండాలో తెలియకుండా రాసిన కథ ఇది అని ముగించాను.

టీచరుగారి ముఖం ఎర్రబడింది. "ప్రపంచమంతా మెచ్చుకున్న పుస్తకాన్ని ఇలా తీసిపారేస్తావా? మార్చి రాయి. లేదంటే రేపు మీ నాన్నగారిని తీసుకురా."

"తీసుకొస్తానండి," అన్నాను.

అన్నానే గాని, నాకు లాడ్జి గుర్తొచ్చింది. అక్కడ వేడినీళ్లు రాలేదని ఒక కుర్రవాడు "ఏమయ్యా" అని కేకలేస్తే, నాన్నగారు "తప్పయిపోయిందండి" అని నవ్వి, బకెట్టు తనే మోసుకెళ్లడం నేను చూశాను. అది ఉద్యోగం. బడిలోనూ అదే నవ్వు నవ్వి, నా చేత కూడా ఆ మాటే అనిపిస్తే?

మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకు ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే వ్యాసం చదివారు. ఇంగ్లీషు ఆయనకు నిదానం. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటినుంచి చదివారు.

"ఇందులో అబద్దం ఏటైనా ఉన్నాదాండి?" అని అడిగారు.

"అబద్ధమని కాదండీ. ఎందుకు నచ్చిందో రాయమన్నాం."

"నచ్చనేదట కదండీ. మార్కులు మీ ఇష్టం, ఎన్నేస్తే అన్నే. రాసింది మాత్రం నాను మార్పించనండి."

గొంతు పెంచలేదు. నవ్వనూ లేదు. టీచరుగారు "సరేనండి," అని ఎర్ర సిరాతో పాసు మార్కులు వేశారు. తర్వాత మీటింగులో పక్క బెంచీ పిల్ల వ్యాసం చదివించారు. నేను తల దించుకోకుండా విన్నాను.

నాన్నగారు బడికి వచ్చిన సాయంత్రం ఇద్దరం అరసవల్లి దాకా నడిచాం.

"కథంతా సెప్పు," అన్నారు నాన్నగారు.

చెప్పాను. కొంగ దగ్గర పకపకా నవ్వారు. కిరీటం దగ్గర నవ్వలేదు.

"నాకైతే నచ్చినాదమ్మా," అన్నారు.

"ఏటి నచ్చినాది?"

"పోయిందంతా తిరిగొచ్చీసినాది కదా. ఎవుడికి సేదు?"

నడుస్తూనే ఆయన ముఖం చూశాను. ఆయన ఆశపడే కథనే నేను కాదన్నాను. అది తెలిసీ, నా మాటను దించకుండా నిలబెట్టి వచ్చారు. ఆ రోజు ఆయన పక్కన నడిచినంత గర్వంగా నేను మళ్లీ ఎవరి పక్కనా నడవలేదు.

లాడ్జి ముందు యాత్రికుల వ్యాను ఒకటి హారను మోగిస్తోంది. నాన్నగారు చొక్కా చేతులు మడిచారు.

"ఇంటికెళ్లి అమ్మకి సెప్పు," అన్నారు మెట్లెక్కుతూ, "మనం తగ్గనేదని."