రాజ్యలక్ష్మి ఆకుపచ్చ కార్డు

రాజ్యలక్ష్మి లెక్కలో మనుషులు రెండే రకాలు, టైపు లోయర్ పరీక్ష పాసైనవాళ్ళు, పాసవ్వని మొహాలు. పెళ్ళయి భీమవరం నుంచి అశోక్‌నగర్ వచ్చాక, ఇంటి ముందుగదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి చిక్కడపల్లి పిల్లల్లో సగం మంది చేత తిట్లు తినిపించిన మనిషి. కంప్యూటర్లు వచ్చి మిషన్లు పాత ఇనుముకి పోయాయి. ఆ గదిని గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్ళకి అద్దెకిచ్చింది. తిట్టడం మాత్రం మానలేదు. ఇప్పుడు పాలవాణ్ణి, టీవీలో వార్తలు చదివే అమ్మాయిని, గుళ్ళో పూజారి ఉచ్చారణని తిడుతోంది.

నిరుడు ఆమె ఎడమచేతి బొటనవేలు తనంతట తను ఆడడం మొదలుపెట్టింది. నల్లకుంట డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నాడు, మాత్రలు రాశాడు. వాడికేం తెలుసు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను చూసుకునే డాక్టరు! మాత్రలు కొనడం కొంది గానీ, బీరువాలో పట్టుచీరల వెనక పడేసింది. ఇంట్లో ఎవరైనా చేతివంక చూస్తే, "వయసు" అనేది.

నారాయణగూడలో పార్కిన్సన్స్ వాళ్ళకి సదస్సు అని కరపత్రం తెచ్చింది అన్నపూర్ణ. ఆమె రాజ్యలక్ష్మి తోడికోడలు, పై వాటాలో ఉంటుంది. నోరు మంచిదే గానీ దానికి విశ్రాంతి ఉండదు.

"నాకెందుకిది?" అంది రాజ్యలక్ష్మి.

"మీక్కాదు అక్కయ్యా, నాకు. భోజనం పెడతారట. పెద్ద డాక్టరమ్మ వచ్చి అందర్నీ ఊరికే చూస్తుందట."

ఆ పెద్ద డాక్టరమ్మ మాటకే రాజ్యలక్ష్మి బయలుదేరింది. "ఇది ఆ జబ్బు కాదమ్మా" అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, ఇంటికెళ్ళి ఆ మాత్రలు చెత్తబుట్టలో పారెయ్యచ్చు. ఈ సంగతి అన్నపూర్ణకి చెప్పలేదు.

హాలు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు చెడిపోయిందని కాగితం అంటించారు. కాళ్ళు కదలనివాళ్ళని ఏరి మరీ మెట్లెక్కిస్తున్న ఈ తెలివి ఎవరిదో అనుకుంటూ రెయిలింగు పట్టుకుని ఎక్కింది రాజ్యలక్ష్మి. పైన బల్ల దగ్గర ఉదయశ్రీ అని పేరు తగిలించుకున్న అమ్మాయి నవ్వింది.

"రండి ఆంటీ. మీల పేషెంట్ ఎవరు? పేషెంట్లకు పసుపు కార్డు, తోడొచ్చినోళ్ళకు ఆకుపచ్చది."

వెనక మెట్ల మీద జనం ఉన్నారు. అందులో చిక్కడపల్లి మొహాలు కూడా ఉండచ్చు.

"ఈవిడ," అంది రాజ్యలక్ష్మి, అన్నపూర్ణని చూపించి.

అన్నపూర్ణ ఒకసారి అక్కయ్య మొహంలోకి చూసింది. తర్వాత మెడ వంచి, "నేనేనమ్మా, వెయ్యి," అంది.

ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా ఒకాయన సహనం గురించి మాట్లాడాడు. ఆయన వచ్చాక దీపం వెలిగించాలన్నారు. అందరికంటే పెద్దవాడని ఒక రోగిని లేపి చేతిలో కొవ్వొత్తి పెట్టారు. చెయ్యి వణుకుతుంటే, నిర్వాహకుడు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుని ఫోటో కోసం కెమెరా వైపు తిరిగాడు. పైనున్న ఫ్యాను ఆపాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. తర్వాత శాలువాలు. ఎవరు ఎవరికి కప్పుతున్నారో తెలియని శాలువాలు. ఆపైన, వణికే చేతులన్నిటికీ అంచుదాకా నింపిన కాఫీ. ముందు వరసలో తెల్లచొక్కాలన్నీ మరకలయ్యాయి. మనోబలం ఉంటే ఏ జబ్బూ మనల్ని ఏమీ చెయ్యలేదని ముఖ్య అతిథి అన్నాడు. ఆయనకి జబ్బు లేదు.

రాజ్యలక్ష్మి ఎడమచేతిని పైట కింద పెట్టుకుని, కుడిచేత్తో అదిమి పట్టుకుంది.

చివరికి డాక్టర్ నిహారిక మైకు అందుకుంది. చిన్న వయసు, పొడి గొంతు. "పసుపు కార్డు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఇక్కడ నడవండి. నడక చూసి మాట్లాడతాను. మిగతావాళ్ళు దయచేసి రావద్దు, టైము లేదు."

రాజ్యలక్ష్మి తన మెడలో కార్డు వంక చూసుకుంది. దేనికోసం మెట్లెక్కిందో, దాన్ని బల్ల దగ్గరే పక్కవాళ్ళకి ఇచ్చేసి వచ్చింది.

అన్నపూర్ణ పేరు పిలిచారు. "ఇప్పుడెలా అక్కయ్యా?" అంది గుసగుసగా.

"నడిచి రా."

"మామూలుగా నడిస్తే ఇంటికి పొమ్మంటుంది కదా."

"నీ ఇష్టం వచ్చినట్టు చావు."

అన్నపూర్ణ వెళ్ళింది. నడుం వంచింది. రెండు చేతులూ గజగజలాడించింది. బల్ల మీది గ్లాసు తీసుకుంటూ నీళ్ళన్నీ ఒలకబోసింది. ఆ చివర గిర్రున తిరిగి మళ్ళీ వచ్చింది. వెనక ఎవరో నవ్వారు.

డాక్టరు కూడా నవ్వు ఆపుకుంటోంది. "మీకేం లేదమ్మా. ఎవర్ని చూసి నేర్చుకున్నారిది?"

అన్నపూర్ణ కాస్త ఆలోచించింది. "మా ఊళ్ళో ఒకావిడండి. పాపం, పోయింది."

"పోలేదు."

రాజ్యలక్ష్మి లేచి నిలబడి ఉంది. "ఇక్కడే ఉంది. పైగా ఇది చేసి చూపించిందంతా తప్పు. రెండు చేతులూ కాదు, ఎడమదొక్కటే. అదీ గ్లాసు పట్టుకుంటే ఆగుతుంది, ఊరికే ఒళ్ళో పెట్టుకుంటేనే వణుకుతుంది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగదు. అలా బొంగరంలా తిరగడం నావల్ల అయితే ఇంకేం కావాలి? చిన్నచిన్న అడుగులేసుకుంటూ తిరగాలి నేను."

తను ఏం చెప్పిందో రాజ్యలక్ష్మికి అప్పుడు వినపడింది. ఇక డాక్టరు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

అయినా నిహారిక దగ్గరికి వచ్చి, ఆ మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచి చూసింది. "మందులు వాడుతున్నారా?"

"బీరువాలో ఉన్నాయి."

"మావి గూడ శాన దినాలు బీరువలనే ఉండె అక్కా," అన్నాడు ముందు వరసలో కాఫీ మరకల చొక్కా ఆయన. తిమ్మయ్యట, ముషీరాబాద్‌లో మేస్త్రీగా చేసేవాడట. "తాళం నా పెండ్లామే తీసింది."

ఆయన్ని ఆపాదమస్తకం చూసింది రాజ్యలక్ష్మి. వరసలు కలపడమొకటి. డాక్టరు వైపు తిరిగింది.

"అవి తిండికి ముందా, తర్వాతా?"

"ముందు. కనీసం అరగంట ముందు. వేళ తప్పకూడదు."

"మరి మీ ముఖ్య అతిథి ఊడిపడేసరికి ఒంటిగంట దాటింది. ఎప్పుడు పెడతారో తెలియని భోజనానికి వీళ్ళంతా ఎన్నింటికి మింగాలి? అడగండి, అక్కడ శాలువా కప్పుకుని కూర్చున్నాడు కదా."