ముట్టని మెకానిక్

ఎబినేజర్ కంప్యూటరు ముట్టడు. అయినా మార్కాపురంలో కంప్యూటరు మెకానిక్ ఎవరంటే అతని పేరే చెబుతారు. ఎవరు పిలిచినా వస్తాడు. కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుని, "ఊఁ, నువ్వే పీకు" అంటాడు. తెర మీద బొమ్మ వచ్చేదాకా ఆ చేతులు ముందుకు రావు. వచ్చాక టీ గ్లాసు అందుకోవడానికి వస్తాయి.

ఎందుకు ముట్టడన్నదానికి ఊళ్ళో తలా ఒక కథ. కరెంటంటే భయమని కొందరు, ఒట్టి బద్ధకమని కొందరు. దేవుడికి మొక్కుకున్నాడని మా పక్కింటి మల్లమ్మ. "చర్చిలో మైకు పాడైతే పాస్టరు గారి చేతే బాగు చేయించినాడంట!" అని మా ఆవిడ విజయమ్మ మురిసిపోతూ చెప్పింది. ఆమె నన్ను చూసి అట్లా మురిసి చాలా ఏళ్ళయింది.

దాచడమెందుకు, నాకు అతనంటే కుళ్ళు. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పనిచేశాను. కంప్యూటరు మీద తెలుగులో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ రెండుసార్లు చదివాను. ఇది ఎట్లా అని ఒక్కరైనా నా గడప తొక్కలేదు. ఒక్క పేజీ చదవని ఎబినేజర్‌కేమో గిద్దలూరు నుంచి కూడా ఫోన్లు. అతనితో కలిసి బజారుకు పోతే నాలుగు చోట్ల అతనికి టీ ఇస్తారు, "ఈయనెవరు?" అని నన్ను చూపించి అడుగుతారు.

ఒకసారి పలకల ఫ్యాక్టరీ యజమాని రంగనాయకులు ఆఫీసులో తెర వెలగలేదు. ఎబినేజర్ ఆ తెల్లచొక్కా మనిషిని బల్ల కిందికి దూర్చాడు.

"నేనెవరనుకుంటివిరా?" అన్నాడు రంగనాయకులు కింద నుంచి.

"ఓనరువు. కంప్యూటరు నీదే గదా మామా! డబ్బా మూత తీసి, లోపలున్న ఆ పొడుగు పట్టీ పీకి, పిల్లకాయల రబ్బరుతో దాని అంచు రుద్దు."

పలకల దుమ్ముతో మీసాలు తెల్లబడిన రంగనాయకులు కాసేపటికి "వచ్చిందిరోయ్!" అని గంతేశాడు. తానే బాగుచేశానని ఆర్నెల్లపాటు కనపడిన వాడికల్లా చెప్పాడు. నాకు మూడుసార్లు చెప్పాడు.

ఈ మధ్య రేచల్ దుకాణంలో చూశాను అసలు సంగతి. రేచల్ రాచర్ల నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన పిల్ల. బస్టాండు పక్కన ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం పెట్టుకుంది. అత్త సామ్రాజ్యానికి అది ముందునుంచీ ఇష్టం లేదు. "ఇంకొక్కసారి మిషను ఆగిందంటే షట్టరు దించి ఇంట్లో కూర్చో" అని చెప్పేసింది.

ఆ రోజు డిగ్రీ దరఖాస్తులకు ఆఖరి రోజు. కంప్యూటరులోని పాత సిస్టమ్ సాఫ్ట్‌వేరు మీద కాలేజీ వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని రేచల్ పొద్దున్నే కొత్తది ఎక్కించింది. అంతా ఎక్కింది. గుండ్రంగా చుక్కలు తిరిగాయి. తర్వాత తెర నల్లబడింది. బయట పదిహేను మంది నిలబడి ఉన్నారు. లోపల సామ్రాజ్యం షట్టరు కొక్కెం చేత్తో పట్టుకుని ఉంది.

జిరాక్సు కోసం వెళ్ళిన నేను, నా రోజు వచ్చిందనుకున్నాను. "మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కించమ్మా. పుస్తకంలో అదే ఉంది" అన్నాను.

"చెరిపేస్తే ఎట్ల పెదనాయనా? వీళ్ళ సర్టిఫికెట్లన్నీ దాంట్లోనే ఉండాయి!" అంది రేచల్, ఏడుపు ఆపుకుంటూ. అప్పటికే ఎబినేజర్‌కు ఫోను చేసిందట. నన్ను అడగాలని తోచలేదన్నమాట.

ఎబినేజర్ వచ్చి, నా సలహాతో సహా జరిగిందంతా విన్నాడు. చేతులు వెనక్కి పోయాయి.

"క్యాప్స్ లాక్ నొక్కమ్మా. లైటు వెలుగుతాందా?"

"వెలుగుతాంది మామా."

"అయితే లోపల బతికే ఉంది. కనపడడంల్యా, అంతే. అన్న చెప్పినట్టు చెరిపేసుంటే బతికున్న మనిషిని పూడ్చినట్టే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళు కొరుక్కుంటూ.

"మానిటరు వైరు వెనక ఏడ పెట్టినావు?"

"పైన."

"కింద అడ్డంగా ఇంకోటి ఉంటది. అది బొమ్మల కార్డుది. దాంట్లో పెట్టు."

పెట్టింది. ఆపి మళ్ళీ వేస్తే కంపెనీ గుర్తు కనపడింది, చుక్కలు తిరిగాయి, మళ్ళీ నలుపు. ఇంత పెద్ద బొమ్మ నా వల్ల కాదని మానిటరు మీద చిన్న అక్షరాలు.

"నువ్వు చెయ్యబ్బా! దానికేం తెలుసు? ఒంటిగంట కావస్తాంది!" అని అరిచింది సామ్రాజ్యం.

ఎబినేజర్ కదల్లేదు. అతని వెనక నిలబడ్డ నాకు మాత్రం ఒకటి కనపడింది. వీపు వెనక అతని పదివేళ్ళూ గిలగిల కొట్టుకుంటున్నాయి. లేని కీబోర్డు మీద టకటక నొక్కుతున్నాయి. ఒక చెయ్యి పారిపోకుండా రెండోది పట్టుకుంటోంది.

"మానిటరు పాతది, నువ్వు ఎక్కించిన సిస్టమ్ కొత్తది" అన్నాడు నిదానంగా. "చుక్కలు తిరిగేటప్పుడు మూడుసార్లు ఆపేయి. నాలుగోసారి ఏం కష్టమొచ్చిందని అదే అడుగుతది. చిన్న బొమ్మతో లేపే దారి అందులో ఉంటది. లోపలికి పోయినాక మానిటరుకు తగ్గ సైజు పెట్టు."

రేచల్ తడబడింది, ఒకసారి తప్పు నొక్కింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకు తెర నిండా వెలుగు.

"నీ చేతి చలవ నాయనా!" అని సామ్రాజ్యం ఎబినేజర్‌కు దణ్ణం పెట్టబోయింది.

"నా చెయ్యి ఏడ తగిలిందక్కా? ఇంతమంది చూసినారు గదా." బయటికి తిరిగి గట్టిగా అడిగాడు. "ఎవరు బాగు చేసినారబ్బా?"

"రేచలక్క!" అన్నారు పదిహేను మందీ.

సామ్రాజ్యం కోడలి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కొక్కెం గోడకు తగిలించి, ఫ్యాను కోడలి వైపు తిప్పి, జనం మీద పడింది. "వరసలో నిలబడండి! మా పిల్లకు ఊపిరాడాల్నా వద్దా?"

బయటికొచ్చామో లేదో ఎబినేజర్‌కు దొనకొండ నుంచి ఫోను. "తెర నల్లబడిందా? మార్కాపురం బస్టాండు పక్కన రేచలమ్మ ఉండాది. నంబరు రాసుకో."

"అదేందయ్యా, నీ గిరాకీ నువ్వే పంపిస్తివి!" అన్నాను.

"ఇట్లనే గిద్దలూరులో నలుగురు తయారైనారన్నా."

"నీకు చెయ్యాలనిపించదా?"

"ఎందుకనిపించదన్నా! వదిలితే రెండు నిమిషాల పని. అందుకే గదా కట్టేసుకునేది."

ఇన్నాళ్ళూ అతని పేరు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆ చేతుల్ని చూసి కుళ్ళుకుంటున్నాను. మొన్న మా వీధి రోశమ్మ వచ్చి, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎట్లని నన్నే అడిగింది. చేతులు వెనక్కి కట్టుకుని, "నువ్వే నొక్కమ్మా" అన్నాను గంభీరంగా. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, వేలు చాచి, ఎక్కడ నొక్కాలా అని వెతుకుతోంది.

అర నిమిషం కూడా ఆగలేకపోయాను. ఫోను లాక్కున్నాను.